చిన్న పిల్లలతో దుబాయ్ మాల్స్‌కు వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి దాదాపు నాలుగు గంటల విమాన ప్రయాణంలో చేరుకోగలిగిన దుబాయ్, చాలా తెలుగు కుటుంబాలకు పిల్లలతో కలిసి చేసే మొదటి విదేశీ యాత్ర. ఎండాకాలంలో అక్కడ బయట తిరగడం పెద్దలకే కష్టం కాబట్టి యాత్రలో పెద్ద భాగం మాల్స్‌లోనే గడుస్తుంది. కింది సమాధానాలు ముఖ్యంగా ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న తల్లిదండ్రుల కోసం రాసినవి. వీటన్నిటికీ ఆధారమైన విషయం ఒక్కటే: మాల్‌లో ఎప్పుడు ఉండాలో, ఎంతసేపు ఉండాలో నిర్ణయించవలసింది పిల్లల నిద్రా ఆకలే గాని మన కొనుగోళ్ల జాబితా కాదు.

పిల్లలతో మాల్‌కు వెళ్లడానికి ఏ సమయం మంచిది?

ఉదయం పది గంటలకు, తలుపులు తెరవగానే వెళ్లడం మంచిది. దీనికి కారణం రద్దీ ఒక్కటే కాదు. దుబాయ్ సమయం మన సమయం కంటే గంటన్నర వెనుక ఉంటుంది. పెద్దలకు ఈ తేడా లెక్కలోకి రాదు గాని, రెండు మూడేళ్ల పిల్లల శరీరం మొదటి మూడు నాలుగు రోజులు మన ఊరి గడియారాన్నే అనుసరిస్తుంది. ఇంట్లో రాత్రి తొమ్మిదికి నిద్రపోయే పాప అక్కడ ఏడున్నరకే కళ్లు మూస్తుంది, ఇంట్లో ఆరున్నరకు లేచే బాబు అక్కడ ఐదింటికే లేచి కూర్చుంటాడు. మాల్ తెరిచే పది గంటలు ఆ పిల్లలకు పదకొండున్నరతో సమానం, అంటే భోజనానికి ఎంతో వ్యవధి లేదు. అందువల్ల హోటల్‌లో ఉదయం ఆరు గంటల ప్రాంతంలో ఒకసారి, మాల్‌కు బయలుదేరే ముందు మరోసారి ఏదైనా తినిపించి తీసుకువెళ్తే మొదటి రెండు గంటలు ప్రశాంతంగా సాగుతాయి.

చాలా కుటుంబాలు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, పగలంతా నగరం చూసి, సాయంత్రం ఆరు గంటలకు మాల్‌లో అడుగుపెడతాయి. అది మాల్‌లో రద్దీ పెరిగే వేళ, పిల్లలకు నిద్ర ముంచుకొచ్చే వేళ కూడా. అప్పుడు పిల్లలు పెట్టే పేచీని మొండితనమని కోప్పడడం అన్యాయం. శని, ఆదివారాలు అక్కడ వారాంతపు సెలవులు, శుక్రవారం సగం పనిదినం. 2022 జనవరిలో ఈ మార్పు వచ్చిన తరువాత శుక్రవారం సాయంత్రం నుంచే రద్దీ మొదలవుతోంది. వీలుంటే సోమవారం నుంచి గురువారం వరకు ఉన్న రోజుల్లో ఒకదాన్ని ఎంచుకోండి.

దుబాయ్‌లో ఎన్నో మాల్స్ ఉన్నాయి కదా, చిన్న పిల్లలకు ఏది అనువైనది?

అందరూ ముందుగా అడిగేది దుబాయ్ మాల్ గురించే. 2008 నవంబరులో ప్రారంభమైన ఈ మాల్‌లో 1,200కు పైగా దుకాణాలు ఉన్నాయి. 2023లో ఇక్కడికి 10.5 కోట్ల మంది వచ్చినట్లు దాన్ని నిర్మించిన ఎమార్ సంస్థ ప్రకటించింది. ఇంత పెద్ద ప్రదేశాన్ని నాలుగేళ్ల పిల్లలతో ఒక రోజులో పూర్తిగా చూడడం సాధ్యం కాదు, చూడవలసిన అవసరమూ లేదు. అక్వేరియం పరిసరాలు గాని, మంచు స్కేటింగ్ రింక్ పరిసరాలు గాని, ఏదో ఒక భాగాన్ని ఎంచుకొని ఆ పూట అక్కడికే పరిమితం కావాలి.

మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ 2005లో మొదలైంది. దీనిలో స్కీ దుబాయ్ అనే మంచు క్రీడాస్థలం ఉంది. లోపల ఉష్ణోగ్రత సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా ఉంచుతారు, పెంగ్విన్లు కూడా ఉన్నాయి. కోటు, బూట్లు టికెట్టుతో పాటే ఇస్తారు. ఒక్కొక్క ఆటకు వేరువేరు వయసు, ఎత్తు నిబంధనలు ఉంటాయి కనుక టికెట్టు కొనకముందే కౌంటర్‌లో పిల్లల వయసు చెప్పి అడగండి. మరీ చిన్న పిల్లలకు లోపలి చలి కంటే, మాల్ వైపు ఉన్న పెద్ద గాజు అద్దాల నుంచి మంచును, జారేవాళ్లను చూడడమే ఎక్కువ సంతోషం. దానికి రుసుము లేదు.

నా అభిప్రాయంలో, నడక నేర్చిన చిన్న పిల్లలకు అన్నిటికంటే హాయిగా ఉండేది ఇబ్న్ బతూతా మాల్. పద్నాలుగో శతాబ్దపు ప్రసిద్ధ యాత్రికుడి పేరు పెట్టుకున్న ఈ మాల్‌ను అండలూసియా, ట్యునీషియా, ఈజిప్టు, పర్షియా, భారతదేశం, చైనా అనే ఆరు విభాగాలుగా, ఒక్కొక్క ప్రాంతపు వాస్తుశైలిలో నిర్మించారు. భారత విభాగంలో నిలువెత్తు ఏనుగు గడియారం ఉంది. పన్నెండవ, పదమూడవ శతాబ్దాల నాటి యంత్రశిల్పి అల్-జజరీ రూపకల్పనకు అది ప్రతిరూపం. దుబాయ్ మాల్‌తో పోలిస్తే రద్దీ తక్కువ, మాల్ కూడా అంతస్తులుగా కాక పొడవుగా పరుచుకొని ఉంటుంది కాబట్టి లిఫ్టుల కోసం వెతుక్కోవలసిన శ్రమ తగ్గుతుంది. ఈ మూడు మాల్స్‌కూ మెట్రో రెడ్ లైన్‌లో స్టేషన్లు ఉన్నాయి.

దుబాయ్ మాల్‌లో టికెట్టు లేకుండా పిల్లలకు చూపించగలిగినవి ఏవి?

కోటి లీటర్ల నీరు పట్టే అక్వేరియం ముందు గోడ దాదాపు 33 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తు ఉన్న పారదర్శక ఫలకం. సొర చేపలను, టేకు చేపలను మాల్ నడవలో నిలబడే ఉచితంగా చూడవచ్చు. టికెట్టు కొంటే సొరంగంలోకి, పై అంతస్తులోని జలజంతు ప్రదర్శనశాలకు వెళ్లనిస్తారు. మూడేళ్లలోపు పిల్లలు చాలామంది బయటి ఫలకం ముందే అరగంట సేపు కదలకుండా నిలబడతారు కాబట్టి, ముందు బయటినుంచి చూపించి, వారి ఆసక్తిని గమనించిన తరువాతే టికెట్టు సంగతి ఆలోచించండి. గజ ఈతగాళ్ల శిల్పాలు నీటి ధారల మధ్య దూకుతున్నట్లు కనిపించే, అంతస్తుల ఎత్తున్న జలపాతం కూడా ఉచితమే.

అక్వేరియం పక్కనే చాలా పెద్ద మిఠాయి దుకాణం ఉందన్న సంగతి తల్లిదండ్రులు ముందే తెలుసుకొని ఉండడం మంచిది.

బయట కొలనులోని దుబాయ్ ఫౌంటెన్ ప్రదర్శనలు సాయంత్రం ఆరు తరువాత అరగంటకొకసారి జరుగుతాయి. సంగీతం చాలా బిగ్గరగా ఉంటుంది, కటకటాల దగ్గర జనం ఒత్తుకొని నిలబడతారు. శబ్దానికి భయపడే పిల్లలుంటే దూరంగా, కాస్త వెనుక నిలబడి చూడండి. ఆరు గంటల తొలి ప్రదర్శన చూసి వెంటనే హోటల్‌కు బయలుదేరితే పిల్లల నిద్రవేళ దాటిపోదు.

ఇక టికెట్టు పెట్టి వెళ్లే వాటిలో కిడ్జానియా గురించి ఎక్కువమంది అడుగుతారు. పిల్లలు వైద్యులుగా, విమాన చోదకులుగా, అగ్నిమాపక సిబ్బందిగా నటిస్తూ ఆడుకునే ఈ చిన్న నగరం నాలుగేళ్లు దాటినవారిని ఉద్దేశించినది. ఒక్కొక్క ఆటకు సూచనలు ఇంగ్లీషులో చెబుతారు కాబట్టి, ఇంట్లో తెలుగు మాత్రమే మాట్లాడే నాలుగేళ్ల పిల్లల కంటే ఆరేడేళ్ల వారికి ఎక్కువ ఉపయోగం.

ఒక పూటలో ఎంతసేపు ఉండవచ్చు?

మూడు గంటలు చాలు. అందులో ఒక గంట చూడడానికి, ఒక గంట తినడానికీ కూర్చోవడానికీ, ఒక గంట పెద్దల కొనుగోళ్లకు అనుకోండి. ఇద్దరు పెద్దలు ఉంటే కొనుగోళ్లకు ఒకరు వెళ్లి మరొకరు పిల్లలతో ఆటస్థలంలో ఉండడం, తరువాత మారడం అందరికీ హాయి. బట్టల దుకాణంలో గంటసేపు వేచి ఉండడం చిన్న పిల్లల సహనానికి మించిన పని.

మెట్రోలో వెళ్లడం మంచిదా, టాక్సీలోనా?

మెట్రో చవక, శుభ్రం. పైగా చోదకుడు లేకుండా నడిచే రైలు కాబట్టి ముందు పెట్టెలో నిలబడితే పట్టాలు కనిపిస్తాయి, పిల్లలకు అదే ఒక వేడుక. ఐదేళ్లలోపు లేదా 90 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు టికెట్టు అవసరం లేదు. అయితే కొన్ని నియమాలు గుర్తుంచుకోవాలి. రైలులోనూ స్టేషన్‌లోనూ తినడం, తాగడం నిషిద్ధం, జరిమానా 100 దిర్హమ్‌లు. కాబట్టి బిస్కెట్లు, పండ్లు ఎక్కేముందే తినిపించాలి. మహిళలకూ పిల్లలకూ ప్రత్యేకమైన భాగం ఉంటుంది, అందులోకి పురుషులు ప్రవేశిస్తే జరిమానా పడుతుంది. కుటుంబమంతా కలిసి ఉండాలనుకుంటే సాధారణ పెట్టెలోనే ఎక్కండి.

బుర్జ్ ఖలీఫా/దుబాయ్ మాల్ స్టేషన్ నుంచి మాల్ లోపలికి ఏసీ ఉన్న వంతెన మార్గం ఉంది. దాని పొడవు దాదాపు 800 మీటర్లు. కదిలే నడకదారులు ఉన్నా, చిన్న పిల్లలతో పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో, అలసిన పిల్లలను ఎత్తుకొని, చేతిలో సంచులతో ఈ దూరం నడవడం చాలా కష్టం. అందువల్ల వెళ్లేటప్పుడు మెట్రో, వచ్చేటప్పుడు టాక్సీ అనే ఏర్పాటు చాలామందికి సరిపోతుంది. ఫౌంటెన్ ప్రదర్శన ముగియగానే టాక్సీ వరుస పొడవుగా పెరుగుతుందని మరచిపోకండి.

కారు విషయంలో అక్కడి చట్టం కఠినం. నాలుగేళ్లలోపు పిల్లలకు బాలల సీటు తప్పనిసరి. పదేళ్లలోపు లేదా 145 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలను ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. దారిలో ఆపి ఎక్కే సాధారణ టాక్సీల్లో బాలల సీటు ఉండదు కాబట్టి, ఆ సీటుతో వచ్చే కారును యాప్ ద్వారా ముందుగా పిలిపించుకోవడం మేలు. మన దగ్గర పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ముందు సీట్లో కూర్చునే అలవాటు ఉన్నవారు దాన్ని అక్కడ పూర్తిగా మానుకోవాలి. తిరిగి వచ్చాక ఇక్కడ కూడా మానుకుంటే మరీ మంచిది.

స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) ఇంటినుంచి తీసుకువెళ్లాలా?

మడిచి ఒక చేత్తో ఎత్తగలిగే తేలికపాటిది ఉంటే తీసుకువెళ్లండి. పెద్ద మాల్స్‌లో సమాచార కేంద్రాల వద్ద అద్దెకు దొరుకుతాయి గాని, రద్దీ రోజుల్లో అయిపోతాయి, అవి మాల్ దాటి బయటికి రావు. నడవడం వచ్చిన నాలుగేళ్ల పిల్లలకు కూడా ఆ దూరాలకు స్ట్రోలర్ అవసరమవుతుంది. అందులోనే మధ్యాహ్నం నిద్ర కూడా సాగిపోతుంది. నానమ్మలు, తాతయ్యలు వెంట వస్తుంటే వారి కోసం చక్రాల కుర్చీని కూడా సమాచార కేంద్రంలో అడగవచ్చు.

స్ట్రోలర్‌తో ఎస్కలేటర్ ఎక్కకండి, లిఫ్టు కోసం వేచి ఉండండి. ఎస్కలేటర్ మీద పిల్లల మెత్తని రబ్బరు చెప్పులు మెట్టు అంచులో, పక్క గోడ సందులో ఇరుక్కొని వేళ్లకు తీవ్ర గాయాలైన సంఘటనలు అనేక దేశాల్లో జరిగాయి. చీర కుచ్చెళ్లు, చున్నీ కొంగులు, పిల్లల పొడవాటి పరికిణీలు కూడా అంతే ప్రమాదకరం. పిల్లలను మెట్టు మధ్యలో, ముందుకు చూసేలా, చేయి పట్టుకొని నిలబెట్టాలి.

పిల్లలు తప్పిపోతే ఏం చేయాలి?

ఈ భయం లేని తల్లిదండ్రులు ఉండరు. బయలుదేరే ముందు చేసే సన్నాహమే ఇక్కడ ముఖ్యం. ఆ రోజు ఉదయం, ఆ రోజు వేసిన బట్టల్లోనే, పిల్లల ఫోటో ఒకటి తీసి ఫోన్‌లో ఉంచుకోండి. కంగారులో చొక్కా రంగు గుర్తురాదు. పిల్లల చేతికి ఒక పట్టీ కట్టి, దానిపై అక్కడ పనిచేసే ఫోన్ నంబరు రాయండి. మన దేశపు నంబరైతే ముందు ప్లస్ 91 తప్పక ఉండాలి.

మన ఇళ్లలో పిల్లలను బుజ్జి, చిన్ని, పండు అని పిలుస్తాం. వారికి మనం అమ్మ, నాన్న మాత్రమే. భద్రతా సిబ్బంది పేరు అడిగితే మూడేళ్ల పిల్లలు ముద్దుపేరు చెప్పి ఊరుకుంటారు. ప్రయాణానికి కొన్ని వారాల ముందునుంచే తమ అసలు పేరు, తల్లిదండ్రుల అసలు పేర్లు, హోటల్ పేరు చెప్పడం ఆటలా నేర్పించండి. దారి తప్పితే ఉన్నచోటే ఆగాలని, అమ్మను వెతుక్కుంటూ నడవకూడదని, దుకాణం కౌంటర్ వెనుక నిలబడినవారిని గాని, యూనిఫాం వేసుకున్నవారిని గాని అడగాలని చెప్పండి.

పిల్లలు కనిపించకపోతే ఒకరు ఆఖరుగా చూసిన చోటే నిలబడి, మరొకరు దగ్గరలోని భద్రతా ఉద్యోగికి వెంటనే చెప్పాలి. కాసేపు మనమే వెతుకుదామని ఆలస్యం చేయకండి. అక్కడి మాల్స్‌లో కెమెరాలు విస్తారంగా ఉంటాయి, సిబ్బంది తమలో తాము వెంటనే సమాచారం అందించుకుంటారు. పోలీసుల అత్యవసర నంబరు 999, అంబులెన్సుకు 998. భాష గురించి దిగులు పడనవసరం లేదు, హిందీ అర్థమయ్యేవారు చాలామంది ఉంటారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి, కోనసీమ నుంచి వెళ్లి గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్నవారు ఎందరో ఉన్నారు. అడిగిన వ్యక్తి తెలుగులోనే జవాబిచ్చే అవకాశం కూడా తక్కువేమీ కాదు. వారితో రెండు మాటలు ఆదరంగా మాట్లాడండి. ఇంటికి దూరంగా, తమ పిల్లలను వదిలి ఉంటున్నవారు వారిలో చాలామంది.

పెరుగన్నం తప్ప తినని పిల్లలకు ఏం పెట్టాలి?

పెద్ద మాల్స్‌లో సూపర్‌మార్కెట్ ఉంటుంది. పెరుగు, పాలు, అరటిపండ్లు, బ్రెడ్డు దొరకని సూపర్‌మార్కెట్ దుబాయ్‌లో లేదు. లులు వంటి భారతీయులు ఎక్కువగా వెళ్లే దుకాణాల్లో కరివేపాకు నుంచి ఇడ్లీ పిండి వరకు ఉంటాయి. ఫుడ్‌కోర్టులో సాధారణంగా ఒక్కటైనా భారతీయ భోజనశాల ఉంటుంది. సాదా అన్నం విడిగా అడిగితే ఇస్తారు, దానిలో పెరుగు కలుపుకోవచ్చు. పసిపిల్లల ఆహారాన్ని వేడి చేసి ఇమ్మని మర్యాదగా అడిగితే కాదనేవారు అరుదు. కారం లేకుండా చేయమన్న మాట మాత్రం వంట మొదలయ్యే ముందే స్పష్టంగా చెప్పాలి.

శాకాహారులు బంగాళదుంప వేపుళ్ల విషయంలో, వాటిని మాంసం వేయించిన నూనెలోనే వేయించారా అని అడిగి తెలుసుకోవాలి. అలర్జీ ఉన్న పిల్లలకు ఇంకా ఎక్కువ జాగ్రత్త అవసరం. అరబ్బు వంటకాల్లో నువ్వుల ముద్ద విరివిగా వాడతారు, హమ్మస్ అనే శనగల పచ్చడిలో అది ఉంటుంది. మిఠాయిల్లో పిస్తా, బాదం, జీడిపప్పు లేనివి తక్కువ.

రంజాన్ నెలలో వెళ్తే పగలు పిల్లలకు తినిపించవచ్చా?

తినిపించవచ్చు. చిన్న పిల్లలకు ఉపవాస నియమం లేదు. దుబాయ్‌లో 2021 నుంచి భోజనశాలలు పగటిపూట తెరలు కట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు కాబట్టి ఫుడ్‌కోర్టులు మామూలుగానే నడుస్తాయి. అయినా పెద్దలు నడవల్లో నడుస్తూ తినడం, తాగడం మానుకొని, కూర్చునే చోటే తినడం ఉపవాసం ఉన్నవారిపట్ల గౌరవం. ఆ నెలలో మాల్స్ రాత్రి చాలా పొద్దుపోయేదాకా కళకళలాడతాయి, పగటిపూట ఖాళీగా ఉంటాయి. అంటే పిల్లలున్న కుటుంబాలకు నిజానికి అదే అనుకూలమైన కాలం.

మరుగుదొడ్లు, పాలిచ్చే గదులు ఎలా ఉంటాయి?

శుభ్రంగా ఉంటాయి. పాశ్చాత్య దేశాల్లో మనవారు ఇబ్బంది పడే విషయం ఇక్కడ లేదు, నీటి స్ప్రే దాదాపు ప్రతి మరుగుదొడ్డిలోనూ ఉంటుంది. డైపర్ మార్చే బల్లలు, తల్లులు పాలివ్వడానికి విడిగా గదులు ఉంటాయి. దూరాలు ఎక్కువ కనుక, కొత్తగా డైపర్ మానిన పిల్లలను అడిగేదాకా ఆగకుండా గంటకొకసారి తీసుకువెళ్లండి.

బట్టలు ఎలాంటివి వేయాలి?

ఎండాకాలంలో బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ, లోపల స్వెట్టర్ అవసరమయ్యేంత ఏసీ. పల్చటి నూలు బట్టలు వేసి, ఒక స్వెట్టర్ సంచిలో పెట్టుకోండి. చెమటతో తడిసిన చొక్కాతో లోపలికి వెళ్లిన పిల్లలకు ముందు దాన్ని మార్చండి. పెద్దలు భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ధరించాలని మాల్స్ కోరతాయి.

ఫోటోలు తీసుకోవచ్చా?

మీ పిల్లలను నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. ఇతరుల, ముఖ్యంగా స్థానిక మహిళల, పిల్లల ఫోటోలు అనుమతి లేకుండా తీయడం అక్కడ చట్టరీత్యా నేరం.

పిల్లల మందులు వెంట తీసుకువెళ్లవచ్చా?

సాధారణ జ్వరం మందు, ఓఆర్ఎస్ పొడి వంటివి వైద్యుని చీటీతో సహా తీసుకువెళ్లవచ్చు. అయితే కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ వంటి నొప్పి మందులు అక్కడ నియంత్రిత జాబితాలో ఉన్నాయి. వాటికి యూఏఈ ప్రభుత్వం నుంచి ముందస్తు అనుమతి ఉండాలి. ఇంట్లో ఉన్న పాత సీసాలన్నీ సంచిలో వేసుకోవడం మానండి. మాల్స్‌లో ఫార్మసీలు ఉంటాయి. అక్కడ కొన్న పారాసిటమాల్ సిరప్ గాఢత మీరు ఇంట్లో వాడేదానికి భిన్నంగా ఉండవచ్చు కనుక, అలవాటుగా ఒక మూత పోసి ఇవ్వకుండా, పిల్లల బరువు చెప్పి మోతాదు అడిగి ఇవ్వండి.

కొన్న వస్తువులపై పన్ను తిరిగి వస్తుందా?

అక్కడ 2018 జనవరి నుంచి 5 శాతం విలువ ఆధారిత పన్ను అమలులో ఉంది, ధరల్లోనే అది కలిసి ఉంటుంది. పర్యాటకులకు పన్ను తిరిగి ఇచ్చే పథకంలో నమోదైన దుకాణంలో 250 దిర్హమ్‌లు, ఆపై విలువైన వస్తువులు కొన్న పర్యాటకులకు చెల్లించిన పన్నులో 85 శాతం, స్వల్ప రుసుము మినహాయించి తిరిగి ఇస్తారు. ఇందుకు డబ్బు చెల్లించేటప్పుడే పాస్‌పోర్టు చూపించి నమోదు చేయించుకోవాలి. విమానాశ్రయంలో సామాను అప్పగించకముందే పన్ను వాపసు కౌంటర్ వద్ద ధ్రువీకరణ జరగాలి, వస్తువులు చూపించమని అడగవచ్చు కాబట్టి అవి పైకి అందేలా సర్దుకోవాలి. కొనుగోళ్లు కొద్దిగానే ఉంటే, నిద్రకళ్లతో ఉన్న పిల్లలను ఆ వరుసలో నిలబెట్టి తెచ్చుకునే మొత్తం అంత విలువైనదా అని ముందు లెక్క చూసుకోండి: వెయ్యి దిర్హమ్‌ల కొనుగోలుకు చేతికి వచ్చేది సుమారు నలభై దిర్హమ్‌లు లేదా అంతకన్నా తక్కువ.